జలపాతానికి వీపు పెట్టి

సెలూను, మార్కెట్ వీధి
జనవరి 9

ప్రభువునందు ప్రియమైన అక్కకు, తమ్ముడు వందనాలతో రాయునది.

ఇక్కడ నా మనశ్శాంతి తప్ప మిగతా అంతా క్షేమమే. నీ మరదలు కుట్టుమిషన్‌కి గుడ్డ కప్పేసింది. ముప్పై ఏళ్ళు బడిపిల్లల యూనిఫారాలు కుట్టిన మనిషి, మొన్న సోమవారం ఆఖరి చొక్కాకి ఆఖరి గుండీ కుట్టి, దారం పళ్ళతో తెంపి, "ఇక చాలండి. ఇన్నాళ్ళూ సూదిమొన దాకానే చూశాను. ఇప్పుడు దూరం చూడాలి" అంది. కళ్ళజోడు మార్పించమంటుందేమో అనుకున్నాను. మిషన్ సొరుగులోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టింది. జలపాతం, కోట, దీపస్తంభం, కొండమీది చూపుల మిట్ట. ఈ రాష్ట్రంలో చూడదగ్గ చోట్లట. నెలకొకటి చొప్పున చూడాలట.

నా సంగతి నీకు తెలుసు. ఇరవై ఏళ్ళ కిందట కుర్రకారు ఆదివారం ఆరాధన ఎగ్గొట్టి జలపాతానికి పోయినప్పుడు నేను వేదిక మీద నిప్పులు కురిశాను. "వేడుక చూపులకు నా కన్ను తిప్పను, తిప్పిన నాడు ఈ వేదిక దిగిపోతాను" అని ప్రమాణం చేశాను. సంఘమంతటి చేతా కుడిచెయ్యి ఎత్తించాను. అందరికంటే పైకెత్తింది గొడుగు పెద్ద. అదే, ఎండైనా వానైనా చంకలో గొడుగు దించని మా సంఘ పెద్ద. ఆనాటి నుంచి ఆయన కన్ను నా కన్ను మీదే ఉంది, ఎప్పుడు తిరుగుతుందా అని.

అక్కా, ఆరు రోజులు తలలు గొరిగి ఏడో రోజు ఆత్మలను గద్దించేవాణ్ణి. నేను బడికి పోయింది నాలుగేళ్ళే, మిగతా చదువంతా ఆ ఒక్క గ్రంథమే. ఆ వేదిక లేకపోతే నేను మార్కెట్ వీధిలో ఒక కత్తెరను, అంతే.

"మీరు రాకపోయినా పోతాను" అంటోంది. ఒంటరిగా పంపితే భర్తగా తప్పు, చూస్తే బోధకుడిగా తప్పు. కాబట్టి వెళ్తాను, వీపు పెట్టి కూర్చుంటాను. గ్రంథంలో వెనక్కి తిరిగి చూసి ఉప్పు స్తంభమైన స్త్రీ గతి నాకొద్దు.

నీ మాటంటే ఆమెకి గురి. కాస్త బుద్ధి చెప్పి రాయి.

నీ తమ్ముడు


డిపో వెనక వీధి
జనవరి 17

ఒరేయ్ తమ్ముడూ,

బుద్ధి చెప్పి రాయమన్నావు కదా, ముందు నీకే చెప్తాను. ఆ కాగితం రాసిచ్చింది నేనే. నాలుగు చోట్లకీ ఏ బస్సు ఎన్నింటికో వెనకవైపు ఉంది చూసుకో.

ఇరవై ఎనిమిదేళ్ళు కండక్టరుగా చేశాను. వాటిలో పదకొండేళ్ళు ఆ నాలుగు దారుల్లోనే తిరిగాను. బస్సులో వెనక్కి తిరిగి కూర్చున్నవాళ్ళని చాలామందిని చూశాను. అందరికీ వాంతులే అయ్యాయి, జ్ఞానోదయం ఒక్కడికీ కాలేదు.

గ్రంథం నీ అంత చదవలేదు గాని ఒక మాట అడుగుతాను. అందులో ప్రజల్ని ఎడారి దాటించిన ఆ ముసలి నాయకుణ్ణి కొండెక్కించి, నలుదిక్కులా దేశమంతా చూడరా అని చూపించింది ఎవరు? వేడుక చూపు పాపమైతే చూపించిన దేవుణ్ణి ఏమంటావు?

దీనికి జవాబు రాయవని తెలుసు. మరదలికి గొడుగు తీసుకెళ్ళమని చెప్పు, జలపాతం దగ్గర తుంపర పడుతుంది. మీ పెద్ద గొడుగు కాదు, ఇంకోటి.

అక్క


సెలూను, మార్కెట్ వీధి
ఫిబ్రవరి 12

ప్రియమైన అక్కకు,

వెళ్ళొచ్చాం. నేను గెలిచాను.

జలపాతం ఎదురుగా ఒక సిమెంటు బెంచీ ఉంది. లోకమంతా దానిమీద నీళ్ళవైపు ముఖం పెట్టి కూర్చుంటుంది. నేను గేటువైపు ముఖం పెట్టి కూర్చున్నాను. వెనక హోరు వినబడుతున్నా, మెడమీద తుంపర పడుతున్నా తిరగలేదు. చేతులు ఖాళీగా ఉంటే ఆత్మల శత్రువుకి పనిముట్లవుతాయని సెలూను సంచీ వెంట తీసుకెళ్ళాను. కూర్చున్నంతసేపూ మీసం కత్తిరించుకున్నాను.

నీ మరదలు చెప్పులు చేత్తో పట్టుకుని, రాతి అంచున నిలబడి, నోరు కాస్త తెరిచి, కన్నార్పకుండా చూసింది. జుట్టు ఎగిరి నోట్లోకి పోయినా తీసుకోలేదు. పెళ్ళినాడు కూడా ఆ ముఖం నేను చూడలేదు.

బస్సెక్కాక "ఎలా ఉంది?" అని అడిగాను. వర్ణన వినకూడదని ప్రమాణంలో లేదు. "చూడాలంటే తిరగాల్సింది. నా నోటితో మీకు చూపించను" అని కిటికీవైపు జరిగింది. జలపాతం దగ్గర ఫోటోలు తీసేవాడొకడున్నాడు. పక్కన ఇంకో మనిషి పట్టేంత చోటు వదిలి తీయించుకుంది. "మధ్యకు రండమ్మా" అన్నాడతను. "ఇదే మధ్య" అంది.

అసలు విశేషం ఇంకొకటుంది. గేటువైపు కూర్చున్నవాడికి వచ్చేవాళ్ళందరూ కనబడతారు. పదకొండు గంటలకి ఒక గొడుగు వచ్చింది. మబ్బుపట్టిన పూట, చెట్టునీడలో, అడ్డంగా విప్పిన గొడుగు. దాని కింద నాలుగు కాళ్ళు పీతలా పక్కకి నడుస్తున్నాయి.

"వందనాలు పెద్దా" అన్నాను.

గొడుగు ఆగింది. "వందనాలు అయ్యగారూ. ఇటు... మా చుట్టాల ఇల్లు" అంది.

ఆ ఇల్లు నీళ్ళ వెనక ఉండాలి, ఎందుకంటే అటే పోయారు.

ఆదివారం జీవజలం గురించి బోధించాను. "నల్లరాతికి కుడిపక్క నుంచి మూడు పాయలుగా దూకే నీళ్ళకు మురిసేవారలారా, అవి తాగినవాడికి మళ్ళీ దాహం వేయదా?" అని గద్దించాను. మూడు పాయలన్నది అక్కడెవరో అనుకుంటుంటే విన్నాను. సంఘంలో ఎందుకో ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

నీ తమ్ముడు


డిపో వెనక వీధి
ఫిబ్రవరి 20

తమ్ముడూ,

నల్లరాతికి నీళ్ళు ఎడమపక్క నుంచి పడతాయిరా. రోజుకి రెండుసార్లు బస్సు ఆపి చూసినదాన్ని. చిన్నప్పుడు ఎడమకాలి చెప్పు కుడికాలికి తొడుక్కుని వీధంతా తిరిగేవాడివి, ఇంకా కుదురుకోలేదా? లేక ఆ "ఎవరో" కూడా నీలాంటివాడేనా?

మరదలు ఆ ఫోటో నాకు పంపింది. వెనక ఒక్క ముక్క రాసింది: "వదినా, ఈ ఖాళీ మీ తమ్ముడిది."

ఇంకేమీ రాయను. పై నెల కోట. ఎనిమిదింటి బస్సు ఎక్కండి, ఏడున్నర బస్సుకి బ్రేకులు నమ్మకం లేదు.

అక్క


సెలూను, మార్కెట్ వీధి
ఏప్రిల్ 15

ప్రియమైన అక్కకు,

రాయడం ఆలస్యమైంది. రెండు యాత్రల సంగతీ కలిపి రాస్తున్నాను.

ముందు ఒక అద్భుతం చెప్పాలి. మా సంఘంలో ఉజ్జీవం రగిలింది. ఇదివరకు మొదటి బెంచీ ఎప్పుడూ ఖాళీ. ఇప్పుడు అరగంట ముందే నిండుతోంది. పాటలు గోడలు అదిరేట్టు పాడుతున్నారు. నా కళ్ళలోకి ఎవరూ చూడరు గాని, నేలచూపులు చూస్తూ "ఆమెన్" అంటున్నారు. ఎందుకో చెప్తాను విను.

కోట దగ్గర కూడా గేటువైపే కూర్చున్నాను. మొదట పాలవాడు వచ్చాడు, పిల్లాపాపలతో. నన్ను చూసి, "పాలు పోద్దామని వచ్చాను అయ్యగారూ" అన్నాడు. చేతిలో క్యాను లేదు. తర్వాత పాటల బృందం అక్కచెల్లెళ్ళు ఐదుగురు వచ్చారు. నన్ను చూసి గేట్లోనే మోకరించారు, ప్రార్థన చేసుకుందామని వచ్చారట. దీపస్తంభం దగ్గర లెక్కల మాస్టారు, సంఘం గుమస్తా, మళ్ళీ గొడుగు. గొర్రెల్ని వెతుక్కుంటూ కాపరి కొండాకోనా తిరిగాడని చదివాను గాని, కాపరి బెంచీమీద కూర్చుంటే గొర్రెలే వరసకట్టి రావడం ఎక్కడా చదవలేదు. నేను వాళ్ళని పట్టుకోవడానికే నెలనెలా కాపు కాస్తున్నానని అందరూ నమ్మారు. కాదని చెప్పడానికి నాకు వీలు చిక్కడంలేదు. చిక్కించుకోవాలనీ లేదు.

కోట ముందు ఒక రాతి గుర్రం ఉంది. ఎడమ ముందుకాలు ఎత్తి నిలబడి ఉంటుంది. ఆదివారం దానిమీదే బోధించాను. "ఎత్తిన ఆ ఎడమకాలు మూడువందల ఏళ్ళయినా కింద పెట్టలేదు, నీవు ఎత్తిన చెయ్యి ఇరవై ఏళ్ళకే దించేశావా?" అన్నాను. గొడుగు పెద్దకి దగ్గు మొదలైంది. ప్రసంగం అయ్యేదాకా దగ్గుతూ, గొడుగు పిడి పిసుకుతూ కూర్చున్నాడు. వాక్యం గుచ్చుకుందని అర్థమైంది.

గుర్రం పక్కన ఒక బోర్డు ఉంది గాని దానిమీద రాత ఏ భాషో తెలియదు. అంత వింత లిపి నేనెక్కడా చూడలేదు.

దీపస్తంభానికి తలుపు ఎడమవైపుంది. నీ మరదలు పైదాకా ఎక్కి, పిట్టగోడ మీంచి చెయ్యి ఊపింది. పక్కన ఎవరూ లేరు. ఎవరికి ఊపిందో మరి. ఇప్పటికీ ఒక్క ముక్క చెప్పడంలేదు. కోట ఫోటోలోనూ, స్తంభం ఫోటోలోనూ అదే ఖాళీ.

నా మీసం బాగా సన్నబడిందని సెలూనుకి వచ్చేవాళ్ళు నవ్వుతున్నారు. ఇంకొక్క యాత్రే, అది ఆగుతుంది.

నీ తమ్ముడు


డిపో వెనక వీధి
ఏప్రిల్ 22

ఒరేయ్ దొంగా,

టికెట్ లేకుండా బస్సెక్కినవాణ్ణి పట్టడానికి నాకు రెండు నిమిషాలు చాలు. వాడు కిటికీలోంచి అవసరానికి మించి చూస్తుంటాడు. నిన్ను పట్టడానికి మూడు నెలలు పట్టింది, తమ్ముడివని గౌరవించాను కాబట్టి.

నీళ్ళు ఎడమపక్క పడితే కుడి అన్నావు. గుర్రం ఎత్తింది కుడికాలు, నువ్వు ఎడమ అన్నావు. దీపస్తంభం తలుపు కుడివైపు, అదీ ఎడమే అన్నావు. ఒకటి తప్పితే మతిమరుపు అనుకోవచ్చు. అన్నీ తప్పితే, అదీ ఒకే పద్ధతిలో తప్పితే, దానికో కారణం ఉంటుంది. ఆ వింత లిపి బోర్డు నేను పదకొండేళ్ళు చదివాను. మన అక్షరాలే. "గుర్రం ఎక్కరాదు" అని ఉంటుంది.

గేటువైపు కూర్చున్న మనిషికి వెనక నిలబడ్డ భార్య నోట్లో వెంట్రుక ఎలా కనబడింది? నీ వీపుకి కళ్ళు లేవు. నీ సంచీలో మీసం కత్తిరించుకునే అద్దం ఉంది. తిరగకుండా చూశావు, చూసిందల్లా తారుమారుగా చూశావు, ఆ తారుమారే తీసుకెళ్ళి వేదిక మీద బోధించావు. చూసి చూసి మీసం పోగొట్టుకున్నావు కూడా.

నవ్వడం అయింది. ఇక అసలు సంగతి విను. ఆ దీపస్తంభం మీంచి మరదలు ఊపింది నీకే. నువ్వు తిరుగుతావేమోనని ఊపింది. నువ్వు అద్దంలో చూశావు, ఆమెకి కనబడింది మాత్రం నీ వీపే. నిన్న నాకు రాసింది: "వదినా, కొండ ఒక్కటే మిగిలింది. అక్కడా వీపే అయితే ఇంటికొచ్చి మిషన్ మీద గుడ్డ తీసేస్తాను. ఆయన్ని ఇంకెప్పుడూ ఏదీ అడగను." కోపంగా రాసి ఉంటే నేను భయపడేదాన్ని కాదు. చాలా నెమ్మదిగా రాసింది.

ఆ వేదిక నీకు ఏమిటో నాకు తెలుసు. బడి మానేసిన నీకు వాడేసిన టికెట్ల వెనక అక్షరాలు దిద్దబెట్టిందాన్ని. అందుకే ఏం చెయ్యాలో చెప్పను. దొంగతనంగా మాత్రం చూడకు. చూస్తే తిరిగి చూడు, లేదంటే అద్దం ఇంట్లో పెట్టి వెళ్ళు.

అక్క


సెలూను, మార్కెట్ వీధి
మే 4

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మూడుసార్లు కోపం వచ్చింది. నాలుగోసారి అద్దం తీసి చూసుకున్నాను. మీసం నిజంగానే లేదు.

ఏమి చేయాలో తెలియక మూడు రోజులు గ్రంథం తిప్పాను. ఏ పేజీ తీసినా చూడమనే ఉంది. ఆకాశాన్ని చూడమని, పూలను చూడమని, పిట్టలను చూడమని. పొట్టివాడు చెట్టెక్కి ప్రభువుని చూసిన సంగతి వందసార్లు బోధించాను. వాణ్ణి ఎవరూ దిగి గేటువైపు తిరగమనలేదు. ఇన్నేళ్ళు ఈ పుస్తకాన్ని కూడా అద్దంలోనే చదివానేమో.

ఆదివారం వేదికెక్కాను. ఒప్పుకుందామనే ఎక్కాను. నీ మరదలు ఎప్పటిలా మూడో బెంచీలో కూర్చుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక గుర్రంతో మొదలుపెట్టాను.

"సహోదరులారా, ఆమధ్య కోట గుర్రం గురించి చెప్పాను. అది ఎడమకాలు ఎత్తి..."

"కుడికాలు," అన్నాడు గొడుగు పెద్ద.

అక్కా, ఆయన లేచి నిలబడ్డాడు. నెలరోజులు గొంతులో అడ్డుపడ్డ ఎముక అది. "కుడికాలు అయ్యగారూ. ఇంక నా వల్ల కాదు. ఎన్ని ఆదివారాలు ఓర్చుకోను? అది కుడికాలు" అన్నాడు.

గ్రంథంలో శిష్యుడు బొంకినప్పుడు కూసిన కోడి ఇక్కడ కూయలేదు గాని, కూస్తే సరిపోయేది. ఆయన ఏమన్నాడో ఆయనకే అప్పుడు అర్థమైంది. గొడుగు సగం విప్పాడు, హాలు లోపలే.

"కుడికాలే అయ్యగారూ," అని పాలవాడు చిన్నగా అన్నాడు. "మా పాప దాని కిందే కూర్చుంది."

"నీళ్ళు కూడా ఎడమపక్కే పడతాయి," అన్నారు లెక్కల మాస్టారు లేవకుండానే.

పాటల బృందంలో ఒకామె, "దీపస్తంభం తలుపు..." అని మొదలుపెట్టింది. పక్కామె మోచేత్తో పొడిచింది. తర్వాత ఆ పొడిచినామే, "కుడివైపండీ" అంది.

ఇరవై ఏళ్ళ కిందట ఎత్తిన కుడిచేతులన్నీ మళ్ళీ లేచాయి, ఈసారి గుర్రం కాలు చూపించడానికి.

నేను గద్దించాలి అప్పుడు. నిప్పులు కురవాలి. అందరూ తలలు వంచుకుని కాచుకున్నారు. నేను సంచీలోంచి అద్దం తీసి వేదిక మీద పెట్టాను. "మీరు తిరిగి చూశారు. నేను ఇందులో చూశాను. మీ పాపం సరిగ్గా ఉంది, నాది తారుమారుగా ఉంది. మీ కంట్లో నలుసు వెతికాను, నా కంట్లో ఇంత అద్దం పెట్టుకుని" అన్నాను. అని, వేదిక దిగాను.

గొడుగు పెద్ద అడ్డం వచ్చాడు. "ప్రమాణంలో కన్ను తిప్పనన్నారు. మీరు కన్ను తిప్పలేదు, అద్దం తిప్పారు. దిగనక్కర్లేదు" అన్నాడు. నా వేదిక కోసం ఇరవై ఏళ్ళు కాచుకున్న మనిషి, అక్కా. మనసు కరిగిపోయింది. కాని వద్దన్నాను. ఒక సందు దొరికిందని దూరితే రెండోసారి అద్దం పెట్టుకున్నట్టే. వెళ్ళి మూడో బెంచీలో నీ మరదలి పక్కన కూర్చున్నాను. అక్కడ చోటు ఉంది. ఎప్పుడూ ఉంచుతుందట, నాకు వేదిక మీంచి కనబడలేదు.

ఇంటికొచ్చాక ఆమె, "శనివారం కొండ బస్సు ఆరున్నరకి. సంచీ తెస్తారా?" అంది.

"తెస్తాను. పళ్ళు కోయడానికి కత్తి ఉంటుంది" అన్నాను.

"అద్దం నాకివ్వండి," అంది. తీసి ఇచ్చాను.

నీ తమ్ముడు


చూపుల మిట్ట, కొండ మీద, బెంచీ
మే 9

అక్కా,

ఇక్కడే కూర్చుని రాస్తున్నాను, మళ్ళీ తారుమారు కాకుండా.

ఎడమచేతివైపు ఏరు. అది వంకర తిరిగి మూడు ఊళ్ళని తాకుతుంది. కుడివైపు పొలాలు, ఒక్కోటీ ఒక్కో రంగులో ఉన్నాయి. కత్తిరించి పరిచిన గుడ్డముక్కల్లా ఉన్నాయనుకున్నాను, అంటే నీ మరదలి మాట నా నోట్లోకి వచ్చింది. దూరంగా రైలు పోతోంది, చప్పుడు మాత్రం ఇక్కడికి రాదు. ఇంత ఉందా అక్కా? ఇదంతా ఇన్నేళ్ళూ నా వెనకే ఉందా? నీ మరదలిలాగే నోరు తెరిచి చూస్తూ కూర్చున్నాను. నన్ను ఎరిగినవాళ్ళెవరూ ఇది నమ్మరు.

చూసి చూసి, "చూశావా ఆ ఏరు?" అని పక్కకి తిరిగాను. నీ మరదలు కొండకి వీపు పెట్టి కూర్చుని ఉంది. గేటువైపు ముఖం పెట్టుకుని, చేతిలో నా అద్దం పట్టుకుంది. అద్దం ఏటివైపు లేదు, నా ముఖంవైపు ఉంది.

"ఏంటిది?" అన్నాను.

"మూడు చోట్ల మీరు నన్ను చూశారు కదా. ఒక్కచోట నన్ను చూడనివ్వండి" అంది.

మీ వదిన చెప్పిందా అని అడిగితే నవ్వింది. అక్కా, నువ్వు నోరు ఆపుకోలేదు.

కాసేపయ్యాక, "ఎలా ఉందండీ ఏరు?" అంది, అద్దం దించకుండా.

"చూడాలంటే తిరుగు. నా నోటితో నీకు చూపించను" అన్నాను.

తిరిగింది. ఫోటో తీసేవాణ్ణి పిలిచాను. ఇది చాలు, గాలికి కాగితం ఆగడంలేదు.

నీ తమ్ముడు


డిపో వెనక వీధి
మే 18

తమ్ముడూ,

నీ ఉత్తరం పక్కన పెట్టుకుని సరిచూశాను. ఏరు ఎడమే, పొలాలు కుడే, రైలు చప్పుడు రాకపోవడమూ నిజమే. ఇన్నాళ్ళకి టికెట్ తీసి ప్రయాణం చేశావు.

మరదలు రాసింది. వేదిక ఖాళీగానే ఉందట. ఆ ఆదివారం గుర్రం కాలికి చెయ్యెత్తని వాళ్ళెవరైనా ఎక్కండి అని నువ్వంటే ఎవరూ కదల్లేదట. నువ్వు మూడో బెంచీలోంచే లేచి నిలబడి మాట్లాడుతున్నావట, వాళ్ళేమో మెడలు తిప్పుకుని వెనక్కి చూస్తూ వింటున్నారట. వేదిక దిగావు గాని నోరు దిగలేదన్నమాట. ఉప్పు స్తంభాలు కాకుండా చూసుకో.

గొడుగు పెద్ద అందరికీ కలిపి బస్సు మాట్లాడాడని కూడా రాసింది, గుర్రం దగ్గరికి. దారి నన్ను అడగమను. నువ్వు మాత్రం మొదటి మూడు చోట్లూ మళ్ళీ చూడాలి, పాతవి లెక్కలోకి రావు.

ఫోటో అందింది. గోడకి తగిలించాను. ఖాళీ లేదు. ఒక్కటే అనుమానం. మా మరదలి పక్కన అంత దగ్గరగా నిలబడ్డ ఆ మీసంలేని మనిషి ఎవరురా?

అక్క